వివాహము – అనుమతిపత్రము: మిల్లర్ నాటకమున ఎడ్డీ మోపిన అభియోగము

ఆర్థర్ మిల్లర్ రచించిన 'ఎ వ్యూ ఫ్రం ది బ్రిడ్జి' అను నాటకమును గూర్చి వ్రాసినవారు ప్రాయికముగా రెండు మార్గములలో నడచిరి. గ్రీకు విషాదాంత నాటకముల ఛాయను ఇందు వెదకువారు కొందఱు. న్యాయవాది ఆల్ఫియేరిని ప్రాచీన గాయకబృందముతో పోల్చుటయు, ఎడ్డీ కార్బోన్ పతనమును విధివిలాసముగా వర్ణించుటయు వీరి పద్ధతి. పెంచిన బిడ్డపై కలిగిన అనుచితమోహమును మనస్తత్త్వదృష్టితో పరిశీలించువారు మఱికొందఱు. ఈ రెండు మార్గములును సత్యమునకు దూరమైనవి కావు. కాని రెండింటియందును ఒక చిన్న ప్రశ్న ప్రక్కకు త్రోయబడినది. అమెరికా పౌరురాలిని పెండ్లాడిన పరదేశికి ఆ దేశమున నిజముగా ఏమి లభించును? రొడోల్ఫో ప్రేమ నటనయనియు, అతడు కోరునది కన్యను కాక అనుమతిపత్రమునే అనియు ఎడ్డీ మోపిన అభియోగము ఈ ప్రశ్న మీదనే నిలిచియున్నది. లభించునది ఇంతయని తెలియక అభియోగమును తూచుట, తులమెంతయో తెలియక బంగారమును తూచుట వంటిది. కావున ఆనాటి వలసచట్టమును ముందుంచుకొని, ఆ అభియోగమును మరల విచారించుట మా ఉద్దేశము.

కథను విస్తరింప నక్కఱలేదు. న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ ప్రాంతమందలి రెడ్ హుక్ అను రేవుపేట దీనికి రంగము. ఎడ్డీ ఓడసరకు నెత్తు కూలీ. భార్య బియాట్రిస్. ఆమె చనిపోయిన సోదరి కూతురు కేథరిన్‌ను వీరు పెంచిరి. ఆ బిడ్డకు పదునెనిమిదవయేడు రావచ్చుచుండగా, బియాట్రిస్ బంధువులైన మార్కో, రొడోల్ఫో అను అన్నదమ్ములు సిసిలీ నుండి వచ్చి ఆ యింట తలదాచుకొందురు. ఓడపనివారితో కలిసి రేవున దిగినవారే కాని, వలసవచ్చుటకు అనుమతి పొందినవారు కారు. మార్కోకు స్వదేశమున ఆలుబిడ్డలున్నారు. తమ్ముడు అవివాహితుడు. అతనికిని కేథరిన్‌కును ప్రేమ కలుగును. ఎడ్డీ దానిని సహింపలేక, తుదకు ఇమ్మిగ్రేషన్ శాఖకు రహస్యముగా టెలిఫోను చేసి అన్నదమ్ములను పట్టించి, మార్కో చేతిలో తన కత్తికి తానే బలియగును. 1955లో న్యూయార్కున ఇది ఏకాంకికగా ప్రదర్శింపబడినది. 1956లో పీటర్ బ్రూక్ దర్శకత్వమున లండనులో ప్రదర్శితమైన రెండంకముల పాఠమే నేడు తరగతులలో చదువబడుచున్నది. మేమును దానినే ఆధారముగా గైకొంటిమి.

ఇక చట్టము. వివాహము వలన జాతీయత మాఱుట అమెరికాలో క్రొత్త విషయము కాదు. అయితే అది మాఱిన తీరు మాత్రము విచిత్రమైనది. 1855 నాటి చట్టము ననుసరించి, పౌరసత్వార్హత గల పరదేశస్త్రీ అమెరికా పౌరుని చేపట్టినచో వేఱొక విచారణ లేకయే తానును పౌరురాలగుచుండెను. భార్యకు భర్త గోత్రమే గోత్రమను మన సంప్రదాయమునకు ఇది చాల దగ్గఱ. దీనికి విలోమమైనది 1907 నాటి చట్టము. అమెరికాలో పుట్టిన స్త్రీ పరదేశిని వరించినచో, తన దేశమును విడిచి ఒక్క అడుగైన బయటికి వేయకపోయినను పౌరసత్వమును కోల్పోవుచుండెను. 1915లో మెకెంజీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనిని సమర్థించినది. అనగా, కేథరిన్ కథ 1910లో జరిగియుండినచో ఎడ్డీ అభియోగము తలక్రిందులు కావలసియుండెను. పెండ్లి వలన రొడోల్ఫో అమెరికను కాడు, కేథరిన్ ఇటలీదేశస్థురాలగును! 1922 నాటి కేబుల్ చట్టము ఈ రెండు పద్ధతులను చాలవఱకు త్రోసివేసినది. చాలవఱకనుటకు కారణము కలదు. పౌరసత్వమునకు అర్హుడు కాని పరదేశిని పెండ్లాడిన అమెరికా స్త్రీ 1931 వఱకును తన హక్కును కోల్పోవుచునే యుండెను. భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున 1923లో సుప్రీముకోర్టు భారతీయులను అట్టి అనర్హుల పట్టికలో చేర్చినదని మన పాఠకులకు గుర్తుచేయుట అసందర్భము కాదు. ఆ తరువాతి యెనిమిదేండ్లలో ఒక భారతీయుని పెండ్లాడిన అమెరికా వనిత తన పౌరసత్వమును కోల్పోయెడిది. భారతీయులకు పౌరసత్వార్హతయు, ఏటికి 100 మందికి ప్రవేశమును 1946లో గాని లభింపలేదు.

పౌరసత్వమొకటి, దేశప్రవేశమొకటి. 1924 నాటి వలసచట్టము జాతులవారీగా సంఖ్యాపరిమితులు విధించి, దక్షిణ యూరపువారికి తలుపులు దాదాపు మూసినది. లక్షలకొలదిగా వచ్చుచుండిన ఇటలీవారికి ఆ తరువాత మిగిలినది ఏటికి ఆఱువేలకు లోపే. ఈ పరిమితి నుండి పౌరుల భార్యలకు మినహాయింపు కలదు. పౌరురాండ్ర భర్తలకో? ఒక నియతదినమునకు పూర్వము జరిగిన వివాహములకు మాత్రమే ఆ మినహాయింపు వర్తించెను. ఆ దినమును చట్టసభ పలుమాఱులు ముందునకు జరుపుచు వచ్చినది. భర్త భార్యను తెచ్చుకొనుట సహజమనియు, భార్య భర్తను తెచ్చుకొనుట సందేహాస్పదమనియు చట్టకర్తల భావము కాబోలు. అధ్యక్షుడు ట్రూమన్ నిరాకరణమును త్రోసిరాజని 1952లో నెగ్గిన మెకారన్-వాల్టర్ చట్టము అనేకవిషయములలో సంకుచితమే యైనను, ఈ ఒక్కచోట భార్య, భర్త అను భేదమును తొలగించి, పౌరుల జీవితభాగస్వాములందఱిని సంఖ్యాపరిమితికి వెలుపల నుంచెను. పౌరసత్వమునకై ఇతరులు ఐదేండ్లు వేచియుండవలసియుండగా, వీరికి మూడేండ్లు చాలును.

నాటకము 1955 నాటిది. అనగా ఎడ్డీ భయమునకు చట్టబద్ధమైన ఆధారము ఏర్పడి మూడేండ్లు మాత్రమే అయినది. రేవుపేటలోని కూలీ ఒకడు ఈ చట్టమును చదివియుండడు. కాని ఏ తలుపు తెఱచుకొన్నదో, ఏది మూసుకొన్నదో వలసపేటలవారికి తెలిసినట్లు న్యాయశాస్త్రపండితులకు తెలియదు. ఎడ్డీ అభియోగము వట్టి అసూయాజనితమైన ప్రలాపమనువారు ఈ సంగతిని గమనింపలేదు. పౌరురాలిని చేపట్టినవానికి ఆ దేశమున నిలిచి పౌరుడగు మార్గమేర్పడునని ఎడ్డీ చెప్పినది సామాన్యముగా సత్యమే. సత్యమైన సూత్రమును అసత్యమైన ప్రయోజనమునకు వినియోగించుటలోనే అతని పాత్రయొక్క బరువున్నది.

అయితే ఇచట నాటకకర్త ఒక చిక్కును దాటవేసెనని చెప్పక తప్పదు. వివాహము సంఖ్యాపరిమితిని తొలగించునే కాని, దొంగదారిని వచ్చిన దోషమును తనంతట తాను తొలగింపదు. దేశమును వీడకయే తాత్కాలికస్థితి నుండి స్థిరనివాసస్థితికి మాఱు సౌకర్యమును 1952 నాటి చట్టము సక్రమముగా ప్రవేశించినవారికే యిచ్చెను. ఓడపనివారిగా దిగినవారికి అది లేదని 1960లో చేసిన సవరణ స్పష్టపఱచినది. కావున రొడోల్ఫో చట్టము ప్రకారము దేశమును విడిచి, బయట నుండి అనుమతి సంపాదించి, మరల రావలసినవాడు. చెఱసాలలో ఆల్ఫియేరి అతనికి ధైర్యము చెప్పుచు, పెండ్లి జరిగినచో అమెరికను కాజొచ్చుటకు వీలున్నదనియు, భార్య ఇక్కడ పుట్టినది గదా యనియు భావము వచ్చునట్లు పలుకును. భార్య అక్కడనే పుట్టియుండ నక్కఱలేదు, పౌరురాలైన చాలును. మఱియు 'కాజొచ్చుట' యను మాటలో ఎన్ని మెట్లున్నవో ఆల్ఫియేరి చెప్పడు. ఈ లోపమును పెద్దది చేయుట మా ఉద్దేశము కాదు. నాటకము న్యాయశాస్త్రగ్రంథము కాదు. కాని సూత్రధారుడే న్యాయవాదియైనపుడు, అతని నోట వెలువడు మాటను ప్రేక్షకుడు ప్రమాణముగా స్వీకరించును; రొడోల్ఫోకు ఆ పెండ్లి వలన వచ్చు లాభము నాటకమున కనబడునంత సులభమైనది కాదని పాఠము చెప్పువారైనను ఎఱిగియుండుట మంచిది. లాభమెంత క్లిష్టమో, అభియోగమంత బలహీనమగును.

ప్రేమ నిజమా, నటనయా యను ప్రశ్న రంగస్థలము మీదనే కాక న్యాయస్థానమునందును అప్పుడే విచారణకు వచ్చుట గమనింపదగినది. నాటకమునకు రెండేండ్ల ముందు, 1953లో, సుప్రీముకోర్టు లుట్వాక్ వ్యాజ్యమును తీర్చినది. రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసిన అమెరికను సైనికుల జీవితభాగస్వాములు త్వరగా దేశమును ప్రవేశించుటకై 1945 డిసెంబరులో ఒక చట్టము చేయబడినది. దానిని ఆసరా చేసికొని, మాజీ సైనికులు ముగ్గురు పరదేశీయులతో, కలిసి కాపురము చేయు తలంపు లేకయే, వివాహములు నడిపిరని అభియోగము. ప్యారిసునందు జరిగిన వివాహములు ఆ దేశచట్టము ప్రకారము చెల్లునా చెల్లవా యను విచారణ అనవసరమని న్యాయస్థానము పలికినది. దంపతులుగా జీవింపవలెనను సంకల్పమే లేనపుడు, తంతు చెల్లినను వలసచట్టమునకు అది వివాహము కాదని తీర్పు. జస్టిస్ జాక్సన్, మఱి యిద్దఱు న్యాయమూర్తులు దీనితో ఏకీభవింపలేదు. ఆ వివాహములు చెల్లునో చెల్లవో తేల్చకయే శిక్షించుట యుక్తము కాదని వారి వాదము. మన ధర్మశాస్త్రములు ఎనిమిదివిధముల వివాహములను చెప్పి, వానిలో కొన్నింటిని నిందించియు వివాహములుగానే అంగీకరించినవి. తంతు జరిగిన తరువాత లోపలి సంకల్పమును త్రవ్వి చూచుట వానికి పని కాలేదు. లుట్వాక్ తీర్పు చేసినది ఆ త్రవ్వకమునే. ఎడ్డీ చేయజూచినదియు అదియే. భేదమొక్కటే: న్యాయస్థానమునకు సాక్ష్యములు కావలెను, ఎడ్డీకి పాట, వంట, కుట్టుపని చాలినవి.

రెండవ అంకారంభమున కేథరిన్, రొడోల్ఫో ఇద్దఱే యింట నున్నపుడు జరుగు సంభాషణము మా పరిశీలనకు కేంద్రము. పెండ్లి యైన పిదప ఇటలీలో కాపురము చేయుదమన్నను నన్ను వరింతువా యని కేథరిన్ అడుగును. ప్రశ్న ఆమెదే కాని అందలి భయము ఎడ్డీ నాటినది. రొడోల్ఫో వెంటనే అవునని చెప్పడు. పని లేని దేశమునకు, పేదఱికమునకు భార్యను తీసికొనిపోవుట తగదనును. తనకు అమెరికాలో పని కావలెనని దాచకయే చెప్పును. ప్రేమింపని స్త్రీని జీవితాంతము మోయుట కేవలము అమెరికను అనిపించుకొనుటకా యని కోపించును. ఈ నిరాకరణమును ఆధారముగా గొని అతనియందు అనుమానము నిలుపుట కవకాశమున్నది. ప్రేమించినవాడు ఎచటికైనను వత్తునని చెప్పవలదా యని అడుగవచ్చును.

మా అభిప్రాయము దీనికి కేవలము విరుద్ధము. మోసగాడు ఈ ప్రశ్నకు ఏమని బదులు చెప్పును? 'తప్పక వరింతును, రేపే పోవుదము' అనును. అట్లు చెప్పుటకు అతనికి ఖర్చేమియు లేదు. ఆమె ఇటలీకి పోదని యతడెఱుగును. కన్యను సంతోషపెట్టు సులభమైన అబద్ధము నోటికందుచుండగా దానిని విడిచి, ఆమెకు రుచింపని నిజమును పలికినవాడు రొడోల్ఫో. అతడు పత్రమును కోరుచున్నాడు, కేథరిన్‌ను కోరుచున్నాడు. రెండింటిని కోరుచున్నానని ఒప్పుకొనుచున్నాడు. 'ప్రేమయా, పత్రమా' యని విభజించి అడిగినది ఎడ్డీ. ఆ విభజనమును అంగీకరించినచో ఎంతటి నిజాయతీపరుడైనను ఓడిపోవును. వరుని ఉద్యోగమును చూచి పిల్లనిచ్చిన తండ్రిని, ఉద్యోగమును పెండ్లాడితివని ఆ పిల్లను ఎవరైన నిందింతురా? సంబంధము కుదుర్చుకొనువారు చదువును, భూమిని, ఊరిని చూతురు. చూచిన పిదప ప్రేమింతురు, లేదా ప్రేమించిన పిదప చూతురు. పేదదేశమున పుట్టినవానికి నివాసాధికారమును చూచుట మాత్రము నేరమైనది.

ఈ వాదమునకు ఒక ఆక్షేపము కలదు. నిజము పలికినట్లు నటించుట ఇంకను నేర్పరియైన మోసగాని లక్షణము కారాదా? కావచ్చును. అందులకు నాటకాంతమునందలి ఒక సన్నివేశమును జూపుదుము. అప్పటికి ఎడ్డీ అన్నదమ్ములను పట్టించినాడు. రొడోల్ఫో పూచీకత్తు మీద విడుదలయై, ఆ దినమే వివాహమాడనున్నాడు. ఎడ్డీ వలన ఇక అతనికి కావలసినది లేదు. ఎడ్డీ చేయగల కీడును చేసి ముగించినాడు. ఆ స్థితిలో రొడోల్ఫో ఆ యింటికి వచ్చి, మార్కో వచ్చుచున్నాడని హెచ్చరించి, తన్ను పట్టించినవానినే క్షమాపణ వేడి, చేయి ముద్దిడుటకైన సిద్ధపడును. తన పని నెఱవేఱిన మోసగాడు ఇట్లు చేయడు. కేథరిన్ మనస్సునకు కలుగు నొప్పిని తగ్గింపవలెనను కోరికయే దీనికి హేతువు. మిల్లర్ రొడోల్ఫోను సందిగ్ధముగా విడిచెననుట మాకు సమ్మతము కాదు. అతడు ప్రేక్షకునికి ఉత్తరమిచ్చినాడు. అయితే కేకవేసి యివ్వలేదు.

ఎడ్డీకి ఈ అభియోగము ఏల అవసరమయ్యెను? తన మనస్సులోని మాటను అతడు తనకే చెప్పుకొనలేడు. మొదట రొడోల్ఫో పురుషలక్షణములు లేనివాడనును. ఆ మాటకు చట్టమున చోటు లేదు. ఆల్ఫియేరి వద్దకు పోయి, దీనికి శాసనమేదైన కలదా యని అడుగును. కన్య ఒక వలసవానిని ప్రేమించుట నేరము కాదనియు, చట్టమునకు పనికివచ్చునది వారు దేశమున ప్రవేశించిన తీరొక్కటే యనియు న్యాయవాది తెలుపును. ఆ మార్గమును ఎడ్డీ మొదట ఏవగించుకొనును. పినతండ్రిని పట్టించి పేటనుండి వెలియైన బాలుని కథను, విన్నీ బోల్జానో కథను, కేథరిన్‌కు వినిపించినది అతని యింటనే గదా. కాని చట్టము చూపిన తలుపు ఒక్కటే యైనపుడు, మోహము ఆ తలుపు వైపే నడచును. 'అనుమతిపత్రము కొఱకు' అను మాట ఎడ్డీకి ఒక గౌరవప్రదమైన ముసుగు. అసూయ యన్నచో లోకము నవ్వును. చట్టమన్నచో లోకము వినును. రొడోల్ఫో పాడుటకు రచయిత 'పేపర్ డాల్' అను పాటనే యెన్నుకొనుట యాదృచ్ఛికమో కాదో కాని, కాగితమను మాట ఎడ్డీ చెవికి అంతకు పూర్వమే సోకినది.

ఇచట తెలుగు పాఠకునికి ఒక చిక్కు కలదు. అనువాదకులు దీనిని తప్పక గుర్తింపవలెను. ఆంగ్లమున ఎడ్డీ కేథరిన్‌కు 'అంకుల్'. ఆ మాటకు మామ, మేనమామ, బాబాయి, పెదనాన్న యని మనకు వేఱువేఱు పదములున్నవి. తల్లి తోబుట్టువును పెండ్లాడినవాడు మనకు తండ్రి వరుస. పినతండ్రియో పెదతండ్రియో అగును గాని మామ కాడు. మేనమామ మేనకోడలిని పెండ్లాడుట మన ప్రాంతమున చిరకాలాచారము. అనాలోచితముగా ఎడ్డీని 'మామయ్య' యని తెనిగించినచో, ఏ మోహము నాటకమున నిషిద్ధమో అది మన రంగస్థలము మీద వరుసైనవాని హక్కుగా మాఱిపోవును. 'బాబాయి' యన్నప్పుడే ఆ యింటిలోని నిశ్శబ్దమునకు అర్థమున్నది. బియాట్రిస్ భర్తను మందలించునపుడు ఆ మాట ఎంతవఱకు పోయి ఆగుచున్నదో, వరుస తెలిసిన తెలుగు ప్రేక్షకునికి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

బూటకపు పెండ్లి మన నాటకసాహిత్యమునకు తెలియనిది కాదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'న కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు అమ్మి పెండ్లి జరిపించును. సుబ్బిని ఆ ముసలివానికి కట్టబెట్టకుండుటకు పన్నిన ఉపాయమది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పెరిగి మాఱిన ఆ నాటకమును మిల్లర్ నాటకముతో పోల్చుట సాహసమని కొందఱకు తోపవచ్చును. మేము పోల్చునది ఇతివృత్తమును కాదు, ప్రేక్షకుని స్థానమును. 'కన్యాశుల్కము'న పెండ్లి బూటకమని ప్రేక్షకునికి తెలియును, వరునికి తెలియదు. అందుచేత నవ్వు పుట్టినది. మిల్లర్ నాటకమున పెండ్లి బూటకమని ఒకడు నమ్మును, ఇతరులకు అట్లు తోపదు, ప్రేక్షకుడు తానే విచారించుకొనవలెను. అందుచేత భయము పుట్టినది. రెండింటియందును పెండ్లి చెల్లునా యను ప్రశ్న న్యాయవాదుల గడపకు చేరును. సౌజన్యారావు పంతులు సంస్కర్త; చట్టము వలన లోకమును బాగుచేయగలనని నమ్మినవాడు. ఆల్ఫియేరికి ఆ నమ్మకము లేదు. జరుగబోవు దానిని ముందుగా చూచియు ఆపలేని అసమర్థతను అతడే ఒప్పుకొనును. గురజాడవారి లోకమున డబ్బు పెండ్లిని కొనును. రెడ్ హుక్‌లో డబ్బుకు ఆ శక్తి లేదు. అచట కొనదగిన వస్తువు నివాసాధికారము, దాని వెల వివాహము.

నాటకము వెలువడిన 1955లోనే మన దేశమున పౌరసత్వచట్టము చేయబడినది. భారతపౌరులను పెండ్లాడిన స్త్రీలు నమోదు వలన పౌరసత్వమును పొందవచ్చునని ఆ చట్టము మొదట చెప్పినది. స్త్రీలని మాత్రమే చెప్పినది. భారతస్త్రీని పెండ్లాడిన పరదేశపురుషుని ప్రసక్తి లేదు. 1986 సవరణతో గాని ఆ నిబంధన స్త్రీపురుషులకు సమానము కాలేదు. నివాసకాలము ఐదేండ్లని అప్పుడు నిర్ణయింపబడి, 2003 సవరణ వలన ఏడేండ్లైనది. అనగా రొడోల్ఫో మన దేశమునకు వచ్చి ఒక తెలుగు కన్యను వరించియుండినచో, అప్పటి మన చట్టము అమెరికా చట్టము కన్న కఠినముగా నుండెడిది. పరదేశమందలి అన్యాయములను చదువునపుడు ఈ సంగతిని మఱువరాదు.

అమెరికాలో జాతులవారీ పరిమితులు 1965లో తొలగినవి. పౌరుల జీవితభాగస్వాములకు సంఖ్యాపరిమితి లేకుండుట నిలిచినది. స్థిరనివాసాధికారము మాత్రమే గలవారి భార్యాభర్తలు నేటికిని సంఖ్యాపరిమితికి లోబడినవారే. 'గ్రీన్‌కార్డు' గల వరుడు, 'సిటిజెన్' అయిన వరుడు అను భేదమును మన పెండ్లిపెద్దలు ఇంత సూక్ష్మముగా ఏల పాటింతురో ఇందువలన బోధపడును. ఎడ్డీ అనుమానమునకు చట్టరూపము వచ్చినది 1986లో. పెండ్లియై రెండేండ్లు నిండనివారికి ఇచ్చు నివాసాధికారము షరతులకు లోబడినదనియు, రెండేండ్ల పిదప దంపతులిద్దఱును కలిసి దరఖాస్తు చేసినగాని ఆ షరతు తొలగదనియు ఆ సంవత్సరపు సవరణలు విధించినవి. భర్త హింసించినను భార్య అతని సంతకమునకై వేచియుండవలసిన దుస్థితి దీనివలన ఏర్పడగా, తరువాత మినహాయింపులు చేర్చవలసి వచ్చినది. దంపతులను వేఱువేఱుగా కూర్చుండబెట్టి ఇంటి సంగతులడుగు విచారణలును లోకప్రసిద్ధములైనవి. 1990లో పీటర్ వీర్ తీసిన 'గ్రీన్ కార్డ్' అను చలనచిత్రము ఆ విచారణనే హాస్యవస్తువుగా గ్రహించినది. అందు బూటకపు దంపతులు సమాధానములను కంఠస్థము చేయుచు చేయుచు నిజముగా ప్రేమింతురు. అయినను నాయకుడు ఒక్క ప్రశ్న వద్ద తప్పి దేశబహిష్కృతుడగును. చిత్రము చూడముచ్చటగా నున్నది. కాని అందు చట్టము ఎదురుగా కూర్చున్న అధికారి. మిల్లర్ నాటకమున చట్టము అన్నముపెట్టిన ఇంటివాడు. రెండవదే ఎక్కువ భయంకరమని మేము తలంచుచున్నాము.

ఇంతవఱకు రొడోల్ఫో వివాహమును గూర్చియే వ్రాసితిమి. విమర్శకులందఱివలె మేమును పెద్దవానిని వెనుకకు నెట్టితిమి. నాటకమున ఇప్పటికే వివాహితుడైన పరదేశి ఒకడున్నాడు. మార్కో పెండ్లి నిజమా యని ఎవడును అడుగలేదు. ముగ్గురు బిడ్డలున్నారు, వారిలో పెద్దవానికి ఱొమ్ముజబ్బు, సంపాదించిన ప్రతి డాలరును వారికే పంపుచున్నాడు. ఆ సంసారము కొఱకే అతడు సముద్రమును దాటినాడు. వలసచట్టము సంసారమును కాపాడునదైనచో, ముందుగా కాపాడవలసినది దీనిని. కాని ఆ చట్టమునకు మార్కో పెండ్లి కనబడదు. ఏలయన అతని భార్య పౌరురాలు కాదు. నిన్న మొన్న కుదిరిన తమ్ముని పెండ్లి తమ్ముని నిలుపును. ఏండ్లతరబడి నడచిన అన్న పెండ్లి అన్నను సిసిలీకి త్రిప్పి పంపును. ఎడ్డీ టెలిఫోను చేసినపుడు ఇద్దఱి పేరనూ చేసినాడు. రొడోల్ఫోను తొలగింపవలెనని ఎత్తిన చేయి మార్కో బిడ్డల నోటికాడి ముద్దను తీసినది.

చెఱసాలలో ఆల్ఫియేరి అతని నుండి, ఎడ్డీని చంపనని మాట తీసికొనుటకు యత్నించును. మార్కో తన బిడ్డలను దోచినవానికి శిక్ష లేదా యని అడుగును. చట్టమును పాటించిన మనుష్యుడు బ్రతుకవచ్చునని న్యాయవాది చెప్పగా, పుస్తకములో లేని చట్టము ఒకటి కలదన్నట్లు మార్కో మాటలాడును. ఆల్ఫియేరి దానిని అంగీకరింపడు. ఎడ్డీ అభియోగమును విచారించిన విమర్శకులెవరును మార్కో అభియోగమును ఇంత శ్రద్ధగా విచారింపలేదు. వీథిలో నిలిచి అతడు ఎడ్డీని నిందించునపుడు, పేటవారందఱు ఎడ్డీకి వీపు చూపుదురు. కసాయి లిపారి కుటుంబమును ఆ గుంపులో నున్నది, వారి బంధువులను కూడ ఆ రాత్రియే అధికారులు పట్టుకొనిపోయిరి గనుక. మార్కో భార్య మాత్రము నాటకమున ఎచటను రంగస్థలము మీదికి రాదు. ఆమెకు ఈ వార్త ఎట్లు చేరినదో, డబ్బు ఆగిన నెలలో ఆమె ఏమి చేసినదో మిల్లర్ చెప్పలేదు.